పిల్లి మెచ్చే పరిమళం

పోయిన వర్షాకాలంలో ఒకనాటి ఉదయం మా పెరటి గోడ వెంబడి పెరిగిన కలుపును పనిమనిషి చేత తీయిస్తున్నాను. ఆమె కుప్పింటాకు మొక్కలను వేళ్ళతో సహా పెరికి ఒక వారగా పోసింది. అంతవరకు అరుగు మీద ముడుచుకుని నిద్రపోతున్న మా పిల్లి చుక్కమ్మ ఉన్నట్టుండి లేచి వచ్చినది. ఆకుల జోలికి పోలేదు. తెగిన వేళ్ళను మాత్రం వెదకి పట్టుకుని, వాటికి బుగ్గలు రుద్ది, చొంగ కార్చి, చివరకు వెల్లకిలా పడి ఆ మట్టిలోనే పొర్లాడసాగినది. "అమ్మగారూ, పిల్లికి ఏదో పట్టిందండీ!" అని పనిమనిషి హడలిపోయి దూరంగా జరిగింది. పది నిమిషాలు గడిచేసరికి చుక్కమ్మ లేచి, ఒళ్ళు దులుపుకుని, ఏమీ ఎరగనట్లు మళ్ళీ అరుగెక్కినది.

పట్టినది దయ్యం కాదు, వేరు వాసన. ఈ సంగతి మనకన్నా మన పొరుగువారు ముందే గమనించారు. తమిళులకు ఈ మొక్క 'పూనైవణంగి', అనగా పిల్లి వంగి మొక్కేది. మలయాళంలో దీనికి 'పూచ్చమయక్కి' అనే పేరున్నది, పిల్లిని మైమరపించేదని అర్థం. మనం కుప్పింటాకు అన్నాము, మురిపిండి అన్నాము, సంస్కృతంలో హరితమంజరి అన్నాము. ఆకు నూరి, ఉప్పు కలిపి గజ్జికి, చిడుముకు పూసుకున్నాము. మన చూపు ఆకు మీద నిలిచినది, వారి చూపు పిల్లి మీద నిలిచినది, అంతే భేదం.

ఆ వేరులో ఉన్నదేమిటో 2016లో ఆస్ట్రేలియా రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు. పేరు పలకడానికి నోరు తిరగదు గాని, ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్ అనే పదార్థం అందులో ముఖ్యమైనది. పాశ్చాత్య దేశాలలో పిల్లుల కోసం పెంచే క్యాట్‌నిప్ అనే మొక్కలోని నెపెటలాక్టోన్‌కు ఇది దగ్గరి చుట్టం. క్యాట్‌నిప్ మన తులసి, పుదీనాల కుటుంబానికి చెందినదే. హిమాలయ ప్రాంతాలలోనూ పెరుగుతుంది. అయితే తులసి కుటుంబమని చెప్పి తులసికోట దగ్గర పిల్లి పరవశిస్తుందని అనుకోరాదు. చుట్టరికం వేరు, గుణం వేరు.

అన్ని పిల్లులూ అన్నిటికీ ఒకే విధంగా స్పందించవు. 2017లో ప్రకటితమైన ఒక అధ్యయనంలో నూరు పిల్లులకు నాలుగు మొక్కలను వాసన చూపించారు. క్యాట్‌నిప్‌కు మూడింట రెండు వంతులు స్పందించగా, జపాను, చైనాలలో పెరిగే సిల్వర్ వైన్ అనే తీగకు దాదాపు 80 శాతం స్పందించినవి. వెలేరియన్ వేరుకు సుమారు సగం పిల్లులు మెచ్చి తల ఊపినవి. పిల్లికూనలకు కొన్ని నెలల వయసు వచ్చేదాకా ఈ రుచే తెలియదు. కనుక మీ పిల్లి ఒక మొక్కను పట్టించుకోకపోతే దానికి జబ్బు చేసినదని బెంగపడనక్కరలేదు.

2021లో జపాను శాస్త్రజ్ఞులు చెప్పినది నాకు మరింత ముచ్చట గొలిపినది. పిల్లులు సిల్వర్ వైన్ ఆకులకు తల రుద్దుకున్నప్పుడు వాటి శరీరంలో సహజంగా సుఖం కలిగించే ఎండార్ఫిన్లు పెరుగుతాయి. అంతటితో పోదు. ముఖానికి అంటుకున్న ఆ ఆకుల సారం దోమలను దరిచేరనీయదు. అనగా, ఆనందంతో పొర్లుతున్నట్లు కనిపించే పిల్లి తన దోమల మందు తానే పూసుకుంటున్నదన్నమాట! దానికి కావలసిన తైలమేదో దానికి తెలుసు. మనం పూయబోయే తైలాల సంగతి చెప్పడానికే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను.

2019 వేసవిలో చుక్కమ్మకు మెడ చుట్టూ గోమార్లు పట్టినవి. గోకి గోకి చర్మం ఎర్రబారింది. మా అమ్మ మా చిన్నతనంలో తలలో పేలకు వేపనూనెలో కర్పూరం కరిగించి రాసేది. నాకు అదే తోచింది. ఒక గరిటెడు వేపనూనె గోరువెచ్చగా కాచి, నాలుగు కర్పూరం బిళ్ళలు నలిపి వేసి, మెడ మొదలు తోక దాకా పట్టించాను. మనసులో ఎంత తృప్తి! పైసా ఖర్చు లేదు, మందుల దుకాణానికి పోయే పని లేదు. పిల్లి మాత్రం నాలుగు దిక్కులా పరుగెత్తి, మంచం కింద దూరి ఒళ్ళంతా నాకుకోవడం మొదలుపెట్టినది. శుభ్రపడుతున్నదిలే అనుకున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నోటి వెంట నురగ. చెవులు అదురుతున్నవి. నడవబోతే వెనుక కాళ్ళు తూలుతున్నవి. ఒళ్ళంతా వణుకు. మావారు, నేను దానిని తువ్వాలులో చుట్టి ఆటోలో పశువైద్యుని దగ్గరకు పరుగెత్తాము. ఆయన వయసు మీరిన పెద్దమనిషి. "ఏం పూశారమ్మా?" అని అడిగారు. "ఏమీ లేదండీ, వేపనూనె, కర్పూరం. అన్నీ ప్రకృతిసిద్ధమైనవే" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "ఉమ్మెత్తకాయ కూడా ప్రకృతిసిద్ధమేనమ్మా" అన్నారు.

గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో, గోరువెచ్చని నీళ్ళతో మూడుసార్లు కడిగారు. ఒళ్ళు తుడిచి, వెచ్చగా ఉంచి, సెలైను పెట్టారు. రాత్రంతా ఆ బల్ల పక్కనే కూర్చున్నాను. రెండు రోజులు అది ఏమీ ముట్టలేదు. మూడవనాడు పెరుగన్నం వాసన చూసి, రెండు మెతుకులు నాకినప్పుడు నాకు ప్రాణం కుదుటపడినది. తరువాత తెలుసుకున్నాను, వేపనూనె పట్టించిన పిల్లులకు ఇవే లక్షణాలు కలిగిన ఉదంతాలు పశువైద్య గ్రంథాలకు కొత్త కావట. కర్పూరం సంగతి సరేసరి. కడుపులోకి పోతే చంటిపిల్లలకు సైతం ఫిట్లు తెప్పించే ద్రవ్యమది.

పిల్లికి ఎందుకింత హాని? కారణాలు రెండు. మొదటిది దాని శుభ్రత. మన చర్మానికి రాసినది చాలావరకు చర్మం మీదనే ఉంటుంది. పిల్లి ఒంటికి రాసినది గంటలో దాని కడుపులో ఉంటుంది, ఎందుకంటే అది రోమరోమమూ నాకుకుంటుంది. రెండవది కాలేయం. తైలాలలోని ఘాటైన పదార్థాలను మన కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి, నీటిలో కరిగేటట్లు మార్చి బయటకు పంపుతుంది. పిల్లి జాతిలో ఈ పనికి కావలసిన ఒక ముఖ్యమైన ఎంజైము తాలూకు జన్యువు ఎప్పుడో పనిచేయడం మానివేసినది. మాంసం తిని బ్రతికే జంతువుకు మొక్కల రసాయనాలను విరిచే అవసరం పడలేదు కాబట్టి అలా జరిగినదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఈ లోపం వలననే మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లిపై చల్లి చంపుకున్నవారు ఎందరో ఉన్నారు.

ఇది ఆయుర్వేదానికి విరుద్ధమైన మాట అని కొందరు మిత్రులు నాతో వాదించారు. నా దృష్టిలో ఇదే ఆయుర్వేదం. ఎవరికి ఏది సాత్మ్యమో చూడకుండా మందు ఇవ్వరాదనేది మన శాస్త్రానికి పునాది. మనుషులలోనే వాత, పిత్త, కఫ ప్రకృతులను బట్టి ఒకరి పథ్యం మరొకరికి అపథ్యమవుతున్నది. మనిషి మందు మృగానికి సరిపోయేదే అయితే ఏనుగుల కోసం పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం, గుర్రాల కోసం శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం విడిగా ఎందుకు వెలసినవి? ఏ ప్రాణి దేహం ఆ ప్రాణిదేనని ఎరిగిన పెద్దలు వారు. చరకసంహితలో చెప్పిన తైలమని పిల్లికి పూసేవారు చరకుని గౌరవిస్తున్నామనుకుంటారు గాని, ఆయన మాట వినడం లేదు.

మరొక ఆక్షేపణ తరచు వింటాను. "మా అమ్మమ్మల కాలం నుండి ఇంట్లో సాంబ్రాణి వేస్తున్నాము, కర్పూర హారతి ఇస్తున్నాము, ఏ పిల్లీ చావలేదు" అని. నిజమే. కాని ఆ ఇళ్ళు మండువా లోగిళ్ళు. నడుమ ఆకాశం కనిపించేది. పొగ పైకి పోయేది, పిల్లి పెరట్లోకి పోయేది. నేడు మనం అద్దాల కిటికీలు బిగించి, ఏసీ వేసుకుని, పది అడుగుల గదిలో విద్యుత్తుతో పనిచేసే సుగంధ యంత్రాన్ని రాత్రంతా నడుపుతున్నాము. ఆ గదిలో పిల్లి ఎటు పోతుంది? గదిలో పెట్టి కొడితే పిల్లి పులి అవుతుందని సామెత. గదిలో పెట్టి ఘాటు పట్టిస్తే మాత్రం అది పులి కాదు, రోగి అవుతుంది. ఆ యంత్రం వెదజల్లే సన్నని తుంపర్లు దాని బొచ్చు మీద వాలుతాయి. అది వాటిని నాకుతుంది. మళ్ళీ పాత కథే.

హైదరాబాదులో ఉన్న మా మరిదిగారి అమ్మాయి ఇటీవల ఫోను చేసినది. "పెద్దమ్మా, లావెండర్ నూనె పిల్లులకు ప్రశాంతత ఇస్తుందట, మా పిల్లి పరుపు మీద రెండు చుక్కలు వేయనా?" అన్నది. వద్దన్నాను. లావెండరే కాదు, టీ ట్రీ, నీలగిరి తైలం, లవంగ నూనె, దాల్చినచెక్క నూనె, పుదీనా నూనె, నిమ్మ, నారింజ తొక్కల నూనెలు, ఇవేవీ పిల్లికి పూయరాదు, దాని పడకపై చల్లరాదు. ఎండిన ఆకుకు, ఆకును మరిగించి పిండిన నూనెకు చాలా తేడా ఉన్నది. గంపెడు ఆకుల సారం ఒక చిన్న సీసాలోకి వచ్చినప్పుడు దానితోపాటు గంపెడు ఘాటు కూడా వస్తుంది. "మరి పిల్లి అక్కడ పడుకుంటున్నదే, నచ్చినట్లే కదా?" అన్నది. పడుకోవడం వేరు, నచ్చడం వేరు తల్లీ. నచ్చినచోట పిల్లి బుగ్గలు రుద్దుతుంది. నచ్చనిచోట ముఖం తిప్పుకుంటుంది, తుమ్ముతుంది, కళ్ళు నీరు పెడుతుంది, లేదా వేరే చోటు లేక అక్కడే ముడుచుకుంటుంది.

మనం వాసనగా లెక్కించని వాసనలు కూడా ఇంట్లో కొన్ని ఉన్నవి. ఫినాయిలు వేసి తుడిచిన తడి నేల మీద నడచి పాదాలు నాకే పిల్లి ఆ మందునే తింటున్నట్లు లెక్క. నేల పూర్తిగా ఆరేవరకు దానిని ఆ గదిలోకి రానీయకండి. బట్టల పెట్టెలోని కలరా ఉండలు ఆడుకోవడానికి ముచ్చటగా దొర్లుతాయి, అందుకే మరీ ప్రమాదం. మోకాళ్ళకు నొప్పుల తైలం రాసుకుని కూర్చున్న బామ్మగారి ఒడి పిల్లికి ఎంతో ఇష్టమైన చోటు. ఆ తైలాలలో చాలావాటిలో వింటర్‌గ్రీన్, కర్పూరం ఉంటాయి. తైలం ఇంకేవరకు చీర మీద మందపాటి దుప్పటి కప్పుకోవాలి, లేదా పిల్లిని దించాలి.

పూలలో లిల్లీ గురించి ఒక మాట. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజులలో ఇచ్చే పూలగుత్తులలో పెద్ద పెద్ద రేకులతో, పొడవైన కేసరాలతో ఉండే విదేశీ లిల్లీ పిల్లికి ప్రాణాంతకం. ముఖాన అంటిన పుప్పొడిని నాకినా, ఆ పూలు పెట్టిన పాత్రలోని నీరు తాగినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. మన దండలలో గుచ్చే తెల్లని నేలసంపెంగను కూడా మనవాళ్ళు లిల్లీ అనే పిలుస్తారు. అది వేరే జాతి మొక్క, దానిని చూసి భయపడనక్కరలేదు.

ఇన్ని వద్దులు చెప్పాను గనుక, ఏది కావాలో కూడా చెప్పడం ధర్మం.

నాకు నచ్చినది తగర వేరు. పైన చెప్పిన అధ్యయనంలో వాడిన వెలేరియన్‌కు మన హిమాలయాలలో పెరిగే తోబుట్టువే ఈ తగర. నిద్రలేమికి మన వైద్యులు వాడే ద్రవ్యమే. మనిషి ముక్కుకు ఇది ఉతకని మేజోళ్ళ కంపు, కొన్ని పిల్లులకు పారిజాతం. మూలికల దుకాణంలో అడిగేటప్పుడు జాగ్రత్త. తగర అంటే తగిరిస గింజలు పొట్లం కట్టి ఇచ్చిన దుకాణదారుని నేను ఎరుగుదును. గింజలు కాదు, ముడులు ముడులుగా, గోధుమ రంగుతో, ఘాటైన వాసనతో ఉండే వేరు కావాలి. పొడి వద్దు, నూనె అసలే వద్దు. చిటికెనవేలంత ముక్కను పాత నూలుగుడ్డలో పెట్టి, దారం ఊడిరాకుండా గట్టిగా కుట్టండి. పిల్లి ఉన్నచోటికి తీసుకువెళ్ళి ముక్కుకు తాకించకండి. నేల మీద పెట్టి మీరు పక్కకు తప్పుకోండి. గది తలుపు తెరిచే ఉంచండి. అది వస్తే వస్తుంది, రాకపోతే మానుతుంది. పావుగంట ఆడుకున్నాక తీసి, మూత బిగువైన డబ్బాలో పెట్టేయండి. వారానికి రెండుసార్లు చాలు. రోజూ ఎదురుగా పడి ఉంటే దానికే మొహం మొత్తుతుంది. చూలు పిల్లికి, కూనలకు, జబ్బుతో ఉన్నదానికి ఇవ్వకండి. రెండు పిల్లులుంటే విడివిడిగా ఇవ్వండి, మైకంలో కొట్లాడుకుంటాయి. నాలుగవ అంతస్తు బాల్కనీలో మాత్రం ఈ ఆట వద్దే వద్దు.

కుప్పింటాకు వేరును నేను ప్రత్యేకించి తెచ్చి పెట్టను. పెరట్లో తానై దొరికినప్పుడు కాసేపు పొర్లనిచ్చి, నమలబోతే తీసివేస్తాను. ఆ మొక్కలో సయనైడు పుట్టించే పదార్థమున్నది. దానిని వండుకుని తిన్న మనుషులలో జి6పిడి అనే ఎంజైము లోపమున్నవారికి రక్తకణాలు విరిగిపోయిన సందర్భాలున్నవి. వాసనకు మంచిదైనది తిండికి మంచిది కానక్కరలేదు.

ఖర్చు లేనివి ఇంకా ఉన్నవి. ఒక కుండీలో పురుగుమందు తగలని గరిక పెంచండి, నమలడానికి సరదాపడుతుంది. అన్నిటికన్నా పిల్లికి ప్రియమైన పరిమళం దాని ఇంటి వాసన, దాని మనుషుల వాసన. గోడ మూలలకు, మన కాళ్ళకు బుగ్గలు రుద్దేది తన వాసనను అక్కడ నిలుపుకోవడానికే. శుభ్రత పేరుతో దాని పడకబట్టలన్నీ ఒకేనాడు ఉతికి, సువాసన ద్రవంలో ముంచి ఆరవేస్తే, దానికి అది పరాయి ఇల్లవుతుంది. ఒకటి ఉతికితే ఒకటి ఉంచండి. ఇల్లు మారేటప్పుడు మీరు కప్పుకున్న పాత దుప్పటి ఒకటి ఉతకకుండా వెంట తీసుకువెళ్ళి, కొత్త ఇంట్లో దానికి మొదట అదే పరవండి. ఏ సుగంధ తైలమూ ఇవ్వలేని ధైర్యం ఆ దుప్పటి ఇస్తుంది.

పొరపాటున తైలం పడితే, కొద్దిపాటి గిన్నెల సబ్బుతో గోరువెచ్చని నీటిలో కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టి, సీసాను చేతపట్టుకుని పశువైద్యుని దగ్గరకు వెళ్ళండి. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. మజ్జిగ, ఉప్పునీరు వంటివి నోట్లో పోయకండి. తూలుతున్న పిల్లికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంటివైద్యం మీద నాకున్న నమ్మకం 2019లోనూ తగ్గలేదు, ఇప్పుడూ తగ్గలేదు. మా ఇంట్లో నేటికీ దగ్గుకు మిరియాల కషాయమే, కడుపునొప్పికి వామే. నా ఫిర్యాదు చిట్కాలు రాసేవారి మీద, నూనెలు అమ్మేవారి మీద. "సహజమైనది, ఏ హానీ లేదు" అని సీసా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేవారు, "పిల్లులకు వాడరాదు" అని చిన్న అక్షరాలతోనైనా వేయరెందుకు? గోమార్లకు వేపనూనె రాయమని చెప్పే చిట్కాలలో ఏ జంతువుకు అన్నది ఉండదెందుకు? ఈ పత్రిక సంపాదకులకు నా విన్నపం, ఇకమీదట పెంపుడు జంతువుల చిట్కా ఏది అచ్చయినా, ఒక పశువైద్యుడు చూసిన తరువాతనే అచ్చు కావాలి. పాఠకులు చదివినది చదివినట్లు చేసేస్తారు. నేనూ అలా చేసినదాననే.

మా వంటింటి పై అరలో వేపనూనె సీసా ఇప్పటికీ ఉన్నది. మొక్కల చీడకు వాడుతున్నాను. దాని మీద మావారు ఒక చీటీ రాసి అంటించారు: "చుక్కమ్మకు కాదు." తగర సంచి ఉన్న డబ్బా కింది అరలో ఉన్నది. దానికి చీటీ లేదు. దాని మూత తీసిన చప్పుడు ఏ గదిలో ఉన్నా చుక్కమ్మకు వినిపిస్తుంది.